వద్దనుకున్న పదహారేళ్ళు

1994, 1997, 2000, 2003, 2007, 2011, 2016, 2017. ఈ 24 ఏళ్ళలో డౌస్ అనే పోర్ట్ వైన్ సంస్థ తన పేరు మీద వింటేజ్ పోర్ట్, అంటే ఒకే ఏటి పంటతో చేసే మేలురకం పోర్ట్, ప్రకటించిన సంవత్సరాలివి. ఎనిమిదే. మిగతా పదహారేళ్ళూ తోటలు కాశాయి, కోతలు జరిగాయి, వైన్ తయారైంది. దాన్ని రుచి చూసి, బాగానే ఉందని ఒప్పుకుని కూడా, మన పేరుతో వింటేజ్‌గా వెళ్ళేంత లేదని పక్కన పెట్టారు.

ఆ ఎనిమిదిలో 2011 వింటేజ్‌ని అమెరికన్ పత్రిక వైన్ స్పెక్టేటర్ 2014లో ఆ ఏటి మేటి వైన్‌గా ఎంచింది. వందకు 99 మార్కులిచ్చింది. దాన్ని తయారుచేసిన చార్ల్స్ సిమింగ్టన్ గురించి, డౌస్ యజమానులైన వాళ్ళ కుటుంబం గురించి అప్పట్లో చాలా రాశారు. నేను చదివినవన్నీ దాదాపు ఒకే దారిలో నడిచాయి: తరతరాల అనుభవం, నేల మీద ప్రేమ, తండ్రి కొడుక్కి చెప్పే రహస్యాలు. మొదటి రెండూ సరే, మూడోదాన్ని నేను ఒప్పుకోను. పోర్ట్ తయారీలో రహస్యమేమీ లేదు. ఏం చేయాలో పోర్చుగల్‌లో పోర్ట్ తయారయ్యే డౌరో లోయలో అందరికీ తెలుసు. అసాధారణమైన వింటేజ్ రావాలంటే ముందు కావలసింది వద్దనగలగడం. అలా అనగలిగే స్తోమత ఒక కుటుంబానికి ఎక్కడి నుంచి వచ్చింది, దాని ఖర్చు ఎవరి మీద పడుతోంది అన్న ప్రశ్నలు నన్ను చాలాకాలంగా వదలడం లేదు.

మన దగ్గర పోర్ట్ అంటే గోవా వెళ్ళొచ్చినవాళ్ళు తెచ్చే చవక తియ్యటి ఎర్ర వైన్. 1961 దాకా సాగిన పోర్చుగీసు పాలన అక్కడ వదిలివెళ్ళిన పేరు అది. డౌరో లోయలో తయారయ్యేదానితో దానికి పేరు తప్ప చుట్టరికం లేదు. కాబట్టి అసలుది ఏమిటో కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఉత్తర పోర్చుగల్‌లో పోర్తో నగరం నుంచి డౌరో నది పక్కనే ఒక రైలు మార్గం కొండల్లోకి వెళ్తుంది. పిన్యావ్ అనే చిన్న ఊళ్ళో దిగితే స్టేషన్ గోడల నిండా నీలం పింగాణీ పలకల మీద ద్రాక్ష కోతల బొమ్మలుంటాయి. అక్కడి నుంచి కాసేపు నడిస్తే డౌస్ వారి తోట బొంఫీమ్ వస్తుంది. నేను వెళ్ళింది ఎండాకాలంలో. ఆ ఎండకి మనవాళ్ళెవరూ కొత్తపడరు, రాయలసీమ గుర్తొస్తుంది. కొత్తగా అనిపించింది నేల. అది మట్టి కాదు, షిస్ట్ అనే పలకరాయి. ఆ రాయి నిలువుగా పొరలు పొరలుగా చీలుతుంది. ఆ చీలికల్లోంచి ద్రాక్ష వేళ్ళు నీటి కోసం ఎన్నో మీటర్ల లోతుకి పోతాయి. ఏటవాలు కొండని పగలగొట్టి, వచ్చిన రాళ్ళతోనే సున్నం లేకుండా గోడలు పేర్చి, ఆ గోడల వెనక మడులు కట్టారు. 1756లోనే పోర్చుగల్ మంత్రి పొంబాల్ ఈ ప్రాంతానికి హద్దులు గీయించి గ్రానైట్ స్తంభాలు పాతించాడు. 1860ల్లో ఫిలాక్సెరా పురుగు వచ్చి వేళ్ళు తినేశాక వదిలేసిన మడులు ఇప్పటికీ కొండల మీద అక్కడక్కడా పొదలతో కప్పబడి కనిపిస్తాయి.

ఇక తయారీ. మామూలు ఎర్ర వైన్‌కి ద్రాక్ష రసం తొక్కలతో కలిసి వారం, రెండు వారాలు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ రోజులు నానుతుంది. రంగు, వగరు, వాసన అన్నీ తొక్కలోంచి మెల్లగా దిగుతాయి. పోర్ట్‌కి అంత వ్యవధి లేదు. రసం పులియడం మొదలై, అందులోని చక్కెరలో సగం దాకా ఆల్కహాల్‌గా మారగానే, రసాన్ని తీసి 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష స్పిరిట్ కలుపుతారు. దాంతో ఈస్ట్ చచ్చిపోతుంది, పులియడం ఆగిపోతుంది, మిగిలిన తీపి అలాగే నిలిచిపోతుంది. 550 లీటర్ల పీపా లెక్కన చూస్తే దాదాపు 435 లీటర్ల రసం, 115 లీటర్ల స్పిరిట్. చివరికి ఆల్కహాల్ 20 శాతం దగ్గర నిలుస్తుంది. ఇదంతా రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. యాభై ఏళ్ళు సీసాలో నిలబడాల్సిన వైన్‌కి కావలసిన రంగూ వగరూ మొత్తం ఆ రెండు మూడు రోజుల్లోనే తొక్కలోంచి రాబట్టాలి. పోర్ట్ తయారీలో కష్టమంతా ఈ తొందరలోనే ఉంది.

కాళ్ళతో తొక్కడం ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. లగార్ అనే గ్రానైట్ తొట్టి మోకాళ్ళు దాటే లోతుంటుంది. కోత అయిన సాయంత్రం కూలీలు అందులోకి దిగి, భుజాల మీద చేతులు వేసుకుని వరసలు కడతారు. మొదటి రెండు గంటలూ ఒకరు అంకెలు చెబుతుంటే అందరూ ఒకే అడుగు. ఆ తర్వాత వరస వదిలేసి, అకార్డియన్ వాయిస్తుంటే ఎవరికి వాళ్ళు తిరుగుతూ తొక్కుతారు. పాదం తొక్కని చితక్కొడుతుంది కానీ గింజని పగలగొట్టదు. గింజ పగిలితే చేదు దిగుతుంది. ఒంటి వేడికి పులియడం కూడా త్వరగా అందుకుంటుంది. సిమింగ్టన్ కుటుంబం వెజూవియు అనే తోటలో ఇప్పటికీ ఇలాగే చేస్తుంది. మిగతా తోటల కోసం మాత్రం 1990ల చివర పాదాల పని చేసే యంత్రపు తొట్లు తయారుచేయించుకుంది. లోయలో కూలీలు దొరకడం కష్టమవుతోంది. పొద్దంతా ఆ ఏటవాలులో ద్రాక్ష కోసిన మనిషిని రాత్రి మళ్ళీ తొట్టిలోకి దిగమనడం కూడా చిన్న విషయం కాదు. యంత్రం రాత్రంతా తొక్కుతుంది, తొట్టి చల్లబరచాలంటే చల్లబరుస్తుంది, అనుకున్న గంటకి ఖాళీ చేస్తుంది. పాదాలతో తొక్కిందే అసలైన పోర్ట్ అని వాదించేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళతో నాకు పేచీ ఉంది. వెజూవియు గొప్ప వైన్, డౌస్ గొప్ప వైన్. రెండు పద్ధతులకీ గొప్ప వైన్ వస్తోందంటే, తేడా తొట్టిలో లేదన్నమాట.

మరి ఎక్కడుంది? 2011నే చూద్దాం. అంతకుముందు చలికాలం వానలు బాగా పడి, కింద రాతి పొరల్లో నీరు చేరింది. వసంతం తర్వాత వాన కరువైంది. జూన్ చివర ఒక్కసారిగా వడగాడ్పులు వచ్చి కొన్నిచోట్ల గుత్తులు మాడిపోయాయి. దిగుబడి తగ్గింది. ఎండకి తీగలు అలసిపోయే వేళకి, ఆగస్టు మూడో వారంలో ఒకసారి, సెప్టెంబర్ మొదట్లో ఇంకోసారి వాన పడింది. ఆ తర్వాత కోత పూర్తయ్యేదాకా ఆకాశం తేటగా ఉంది. వానలు ఆ సమయానికి పడడం అదృష్టం. అది సిమింగ్టన్‌లకే కాదు, లోయలో అందరికీ దక్కింది. అందుకే ఆ ఏడాది దాదాపు ప్రతి పెద్ద సంస్థా వింటేజ్ ప్రకటించింది.

అదృష్టం అందరిదీ అయినప్పుడు వైన్‌మేకర్ వంతు ఏమిటి? ఎప్పుడు కోయాలో చెప్పడం ఒకటి. ఇక్కడ రెండు రకాల ద్రాక్షల స్వభావం తెలియాలి. తురీగా నాసియొనాల్‌వి చిన్న పండ్లు, దళసరి తొక్క, తక్కువ కాపు. రంగూ సువాసనా దాని నుంచి వస్తాయి. తురీగా ఫ్రాంకా ఆలస్యంగా పండుతుంది, సెప్టెంబర్ చివరి ఎండ దానికి కావాలి. అది పూర్తిగా పండిన ఏళ్ళే ఎక్కువగా మంచి వింటేజ్‌లవుతాయి. వాన మబ్బు కనపడగానే భయపడి ముందే కోసేస్తే ఫ్రాంకా పచ్చిగా మిగులుతుంది. ఆగితే ఉన్న పంట కుళ్ళిపోవచ్చు. ఈ టెన్షన్‌ని భరించి ఆగాలంటే రెండు కావాలి. ఒకటి, ఆ తోట ఏ వాలులో ఏ రకం ఎప్పుడు పండుతుందో గత ముప్పై నలభై కోతల నుంచి తెలిసి ఉండడం. చార్ల్స్‌కి ముందు వైన్ పని చూసింది ఆయన తండ్రి పీటర్ సిమింగ్టన్. రెండోది, ఆగి నష్టపోయినా మునిగిపోనంత ఆస్తి. ఈ రెండోదాని గురించి ఎవరూ పెద్దగా రాయరు.

డౌస్ వింటేజ్‌కి వెన్నెముక రెండు తోటలు: పిన్యావ్‌లోని బొంఫీమ్, నదికి ఎగువన ఇంకా వేడిగా, ఇంకా పొడిగా ఉండే చోట సెన్యోరా ద రిబైరా. బొంఫీమ్‌ని 1896లో కొన్నారు. రెండోదాన్ని 1890లోనే కొని, పోర్ట్ వ్యాపారం చితికిపోయి ఉన్న రోజుల్లో, 1954లో అమ్మేశారు. 44 ఏళ్ళ తర్వాత, 1998లో, అదే తోటని సిమింగ్టన్ కుటుంబం తిరిగి కొనుక్కుంది. ఇంకో ఉదాహరణ: ఆండ్రూ జేమ్స్ సిమింగ్టన్ అనే యువకుడు 1882లో స్కాట్లండ్ నుంచి పోర్తోకి వచ్చింది గ్రాహమ్స్ సంస్థలో ఉద్యోగానికి. 1970లో ఆయన వారసులు ఆ గ్రాహమ్స్‌నే కొనేశారు. నలభై, ఎనభై ఏళ్ళ పొడవున సాగే ఇలాంటి లెక్కలు మూడు నెలలకోసారి లాభాలు చూపించాల్సిన కంపెనీకి కుదరవు.

నేను మామిడి తోటలున్న ఊళ్ళో పెరిగాను. ఒక ఏడాదికి కాపు కొనుక్కున్న వ్యాపారి తోటలో ఏం చేస్తాడో, తాత నాటిన చెట్టుని చూసుకునే రైతు ఏం చేస్తాడో పక్కపక్కనే చూశాను. కొనుక్కున్నవాడు చెడ్డవాడేం కాదు. వచ్చే ఏడు అక్కడ ఉండనివాడు కొమ్మ కత్తిరించడు, అంతే. డౌరో కుటుంబాల సంగతి చదివినప్పుడల్లా నాకు ఆ తేడానే కనిపిస్తుంది.

వద్దనడం ఎలా జరుగుతుందో కూడా చెప్పాలి. కోత అయ్యాక శీతాకాలం గడిచేదాకా వైన్ కొండల్లో ఉంచి, తర్వాత పోర్తో ఎదుటి ఒడ్డున ఉన్న విలా నోవా ద గాయా గోదాముల్లోకి దింపుతారు. అక్కడ ఒక్కో తోటదీ, ఒక్కో తొట్టిదీ విడివిడిగా ఉంటుంది. ఏడాదిన్నర పాటు వాటిని మళ్ళీ మళ్ళీ రుచి చూస్తారు. చాలావాటిని మొదటి నెలల్లోనే తప్పిస్తారు. మిగిలినవాటితో మిశ్రమం కట్టి, ఆ తర్వాత ప్రకటించాలా వద్దా అని తేల్చుకుంటారు. డౌరో, పోర్తో వైన్ల సంస్థ కూడా రుచి చూసి ఒప్పుకోవాలి. కోత తర్వాత రెండో ఏడాదికీ మూడో ఏడాదికీ మధ్య సీసాల్లో నింపాలి. 2011 వింటేజ్‌ని 2013 వసంతంలో ప్రకటించారు. డౌస్ పేరుతో వచ్చింది దాదాపు ఐదు వేల పెట్టెలే. బల్ల మీద వంద నమూనాలుండి, వాటిలో తొంభై పైగా పక్కకి పెట్టగలగాలంటే, ఆ పక్కన పెట్టినవాటికి వేరే గమ్యం ఉండాలి. ఆ గమ్యం రూబీ, టానీ, లేట్ బాటిల్డ్ వింటేజ్ అనే మిగతా రకాల పోర్ట్‌లు. ప్రకటించని ఏళ్ళలో మంచి తొట్టి వైన్ సెన్యోరా ద రిబైరా లాంటి ఒక్క తోట పేరుతో వస్తుంది. పోర్ట్ మొత్తంలో వింటేజ్ వాటా రెండు శాతం అటూ ఇటూ. మిగతా తొంభై ఎనిమిదీ నిలబెడితేనే ఆ రెండూ అంత బాగుంటాయి.

ఇక్కడ నా వాదనకి గట్టి అడ్డం ఒకటి ఉంది. నొవాల్ అనే తోట ఒకప్పుడు వాన్ జెల్లర్ కుటుంబానిది. ఆ తోటలో సుమారు రెండు హెక్టార్ల మడిలో, అంటు కట్టకుండా సొంత వేళ్ళ మీదే పెరిగే తీగలున్నాయి. వాటి నుంచి వచ్చే వింటేజ్‌ని నాసియొనాల్ అంటారు (పైన చెప్పిన ద్రాక్ష రకం వేరు). 1931 నాటి నాసియొనాల్ గురించి పోర్ట్ ప్రియులు ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. 1993లో ఆ కుటుంబం నొవాల్‌ని ఆక్సా అనే ఫ్రెంచి బీమా సంస్థకి అమ్మేసింది. కుటుంబమే కారణమైతే ఆ రోజు నుంచి నొవాల్ దిగజారాలి. అలా జరగలేదు. క్రిస్టియన్ సీలీ చేతికి వచ్చాక తోటలో చాలా భాగం మళ్ళీ నాటారు, 1994, 1997 నాసియొనాల్‌లకి గొప్ప పేరు వచ్చింది. దీన్ని దాటవేయడం న్యాయం కాదు. బీమా కంపెనీ డబ్బు కూడా దశాబ్దాల లెక్కల్లో నడిచే డబ్బే. రక్తసంబంధం కన్నా ముఖ్యం, ఈ ఏడాది ఆదాయం కోసం వచ్చే ముప్పై ఏళ్ళని తాకట్టు పెట్టక్కర్లేకపోవడం. కుటుంబాల దగ్గర అది ఎక్కువగా కనిపిస్తుంది, అంతమాత్రాన వాళ్ళ సొత్తు కాదు.

నొవాల్ నుంచి ఇంకో అభ్యంతరం కూడా వస్తుంది. 2011 తర్వాత వాళ్ళు దాదాపు ఏటేటా వింటేజ్ ప్రకటిస్తున్నారు. పదేళ్ళలో మూడుసార్లే అన్న పాత ఆచారం వాళ్ళకి పట్టదు. కొంచెమే అయినా గొప్ప వైన్ ఉన్నప్పుడు సీసాలో ఎందుకు నింపకూడదని వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. అయితే వాళ్ళూ వద్దంటూనే ఉన్నారు. డౌస్ ఏడాదిని మొత్తంగా పక్కన పెడితే, నొవాల్ ప్రతి ఏడాదిలో ఎక్కువ భాగం పీపాలని పక్కన పెడుతుంది. నాకు ఏళ్ళని పక్కన పెట్టే పద్ధతే ఎక్కువ నచ్చుతుంది. కొనేవాడికి ఒక సంవత్సరం పేరు చెబితే చాలు, ఆ వెనక ఉన్న నిర్ణయం అర్థమవుతుంది. పైగా వేడి పెరుగుతున్నకొద్దీ ఈ నిగ్రహానికి పరీక్ష కూడా పెరుగుతోంది. 2016, 2017 వరసగా రెండేళ్ళు దాదాపు పెద్ద సంస్థలన్నీ ప్రకటించాయి, అలా జరగడం చాలా అరుదు. 2017లో ఎండకి కోతలు ఆగస్టులోనే మొదలయ్యాయి. రెండు వైన్లూ అద్భుతమని రుచి చూసినవాళ్ళు చెబుతున్నారు, నమ్ముతాను. కానీ ద్రాక్ష ప్రతి ఏడూ బాగా పండే రోజులొస్తే, బాగా పండడం ఒక్కటే కొలతగా సరిపోదు.

ఇక ఖర్చు సంగతి. డౌరోలో సుమారు 20 వేల మంది ద్రాక్ష రైతులున్నారు. మొత్తం తోటలు 44 వేల హెక్టార్ల దగ్గర. సగటున ఒక్కొక్కరికి రెండు హెక్టార్లు, చాలామందికి అంత కూడా లేదు. వీళ్ళవీ కుటుంబాలే, వీళ్ళ తాతలూ ఆ గోడలు పేర్చినవాళ్ళే. కానీ 1986 దాకా చట్టం ప్రకారం పోర్ట్ విదేశాలకి వెళ్ళాలంటే గాయా గోదాముల నుంచే వెళ్ళాలి. గాయాలో గోదాము లేని రైతుకి పంట పెద్ద సంస్థకి అమ్మడం తప్ప దారి లేదు. ఆ ఏడాది నియమం మారాక కొన్ని చిన్న తోటలు తమ పేరుతో సీసాలు నింపడం మొదలుపెట్టాయి. మిగతావాళ్ళు ఇంకా ద్రాక్ష అమ్ముకునేవాళ్ళే.

వాళ్ళ బతుకు ఒక అనుమతి మీద నడుస్తుంది. ప్రతి తోటకీ ఎత్తు, వాలు, నేల, తీగల వయసు చూసి మార్కులేసి అక్షరం ఇస్తారు. 1940ల్లో తయారైన ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. ఆ అక్షరాన్ని బట్టి ఏ తోటలోంచి ఎంత రసం పోర్ట్‌గా మారవచ్చో ఏటా తేలుస్తారు. 2023లో లోయ మొత్తానికి అనుమతి లక్షా నాలుగు వేల పీపాలు. 2024లో 90 వేలు. 2025లో 75 వేలు. ప్రపంచంలో పోర్ట్ తాగేవాళ్ళు తగ్గుతున్నారు కాబట్టి కోత పెట్టారు. అనుమతి ఉన్న ద్రాక్షకి ఒక ధర, అదే తీగ నుంచి కోసిన మిగతా ద్రాక్షకి ఇంకో ధర. ఆ రెండో ధర సాగు ఖర్చుకి కూడా చాలడం లేదని రైతులు రోడ్డెక్కారు. పెద్ద సంస్థ ఒక ఏడాదిని వద్దనుకుంటే వింటేజ్ పేరు పెరుగుతుంది. రైతు పంటని కొనేవాళ్ళు వద్దంటే ఆ ఇల్లు మూతపడుతుంది. ఒకే లోయలో, ఒకే రాతి మీద, ఓపిక ఒకరికి పెట్టుబడి, ఇంకొకరికి అందని వస్తువు.

దీనికి పరిష్కారం నేను చెప్పగలిగేంతవాణ్ణి కాను కానీ, ఒక్క విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ప్రతి పోర్ట్ సీసాలోనూ అయిదో వంతు స్పిరిట్ అని పైన చెప్పాను. 1990ల మొదటి దాకా దాన్ని ప్రభుత్వ వ్యవస్థ ద్వారానే కొనాల్సి వచ్చేది. ఆ కట్టుబాటు పోయాక సంస్థలు మంచి స్పిరిట్‌ని ఎంచుకుని కొంటున్నాయి. వింటేజ్ పోర్ట్‌ల వాసన అప్పటి నుంచి ఎంత శుభ్రపడిందో చాలామంది వైన్‌మేకర్లు చెబుతారు. అది నిజమైన మెరుగుదల. అయితే ఆ స్పిరిట్ చాలామటుకు డౌరో బయటి నుంచి వస్తుంది. లోపల ద్రాక్ష మిగిలిపోయి రైతు ఏడుస్తుంటే, బయటి ద్రాక్ష నుంచి తీసిన స్పిరిట్ తెచ్చి కలుపుతున్నారు. డౌరో ద్రాక్షతోనే స్పిరిట్ తీయాలని రైతులు అడుగుతున్నారు. అలా చేస్తే ఖర్చు విపరీతంగా పెరుగుతుందని, చవక రూబీలు అమ్ముడుపోవని సంస్థలంటున్నాయి. చవక రూబీల విషయంలో అది నిజమే కావచ్చు. వింటేజ్ విషయంలో కాదు. ఐదు వేల పెట్టెలకి కావలసిన స్పిరిట్ పెద్ద మొత్తమేమీ కాదు, ఆ సీసా కొనేవాడు కొద్దిగా ఎక్కువ ధరకి వెనకాడడు. తోట పేరు, ఏడాది పేరు అంత గర్వంగా రాసుకునే సీసాలో అయిదో వంతు ఎక్కడిదో చెప్పలేకపోవడం నాకు మింగుడుపడదు. సిమింగ్టన్‌లు, నొవాల్, ఇంకా పేరున్న నాలుగైదు సంస్థలు వచ్చే ప్రకటన నుంచే వింటేజ్ వరకైనా డౌరో స్పిరిట్ వాడతామని, దానికి ద్రాక్షని చుట్టుపక్కల చిన్న రైతుల దగ్గర సాగు ఖర్చుకి తగ్గకుండా కొంటామని చెప్పవచ్చు. మంచి స్పిరిట్ తీయడం కుదరడానికి కొన్నేళ్ళు పడుతుంది. అన్నేళ్ళు ఆగగలిగిన స్తోమత ఆ లోయలో ఉన్నది వాళ్ళకే.